రాయి లేని ఊరి చేప

సావో పౌలో,
11 ఫిబ్రవరి 1979

ఒస్మరీనక్కా,

డబ్బా అందింది. నేను అద్దెకున్న ఇంటావిడ దోనా ఎర్సీలియా ముక్కు మూసుకుని మరీ తెచ్చి ఇచ్చింది. "నీ చేపల కంపు మళ్ళీ వచ్చిందమ్మా, కిటికీ తీసి పెట్టుకో" అంది. ఆవిడకేం తెలుసు! మూత తీయగానే గదంతా మన పియరంగా ఊరే అయిపోయింది. నిప్పుల మీద కాలిన బొదో చేప, పొగ, నీ పెనం. ఇక్కడ వారం రోజులుగా తుంపర ఆగలేదు. గోడలకి కూడా తడి బట్టల వాసన పట్టింది. ఆ పూట మాత్రం ఆ వాసన నాకు తెలియలేదు.

ఉల్లిపాయ తరిగి, గుడ్లు కొట్టి, నీ చేపపొడి గుప్పెడు వేసి వేయించుకుని నిలబడే తిన్నాను. తింటుంటే కసుక్కున ఏదో చిగురుకి గుచ్చుకుంది. ఎముక! నీ పొడిలో ఎముకేమిటే అక్కా? నేను ఊరు వదిలిన దగ్గర్నుంచి ఏటా పంపుతున్నావు, ఒక్కనాడు పంటికింద ముల్లు పడలేదు. ముసలిదానివైపోతున్నావు. చేతిరాత కూడా ఈసారి కోడి కెలికినట్టుంది. ఎవాల్దో బావ చెయ్యి పట్టుకుని రాయించాడా ఏమిటి?

వేళాకోళం పక్కన పెడతాను, ఇప్పుడు అసలు సంగతి విను. ఆ ఎముకని పారేయబోయి ఆగాను. జన్మంతా జెల్లల ఎముకలే చూస్తున్నదాన్ని, ఊరుకుంటానా. కడిగి, మర్నాడు మ్యూజియంకి పట్టుకెళ్ళి భూతద్దం కింద పెట్టాను. బుగ్గ ఎముక అది. బొదో బుగ్గ ఎముక వెడల్పుగా ఉంటుంది, కళ్ళు మూసుకుని గీయగలను. ఇది కొడవలిలా సన్నగా వంగి ఉంది, అంచంతా ముళ్ళు మొలిచిన గుంటలు. ఇది బొదో కాదక్కా. మా బీరువాల్లో ఉన్న ఏ పెంకు జెల్లదీ కాదు. ఇలాంటి బుగ్గ ఉన్న చేపని ఇంతవరకూ ఎవరూ చూసినట్టు లేరు.

పొడిలో ఏం కలిపావు? ఎక్కడి నీళ్ళలోది? ఎవరు పట్టారు? ఉన్నపళంగా జవాబివ్వు, నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

నీ మంటచెల్లి
దల్జీరా


పియరంగా,
20 మార్చి 1979

దల్జీరాకి,

ఇక్కడ అంతా బాగానే ఉంది. నీళ్ళు పెరుగుతున్నాయి. ఎవాల్దో బాగానే ఉన్నాడు.

పొడిలో ఏం కలిపావు అని రాశావు. ఈ మాట ఇంకెవరన్నా అని ఉంటే వాళ్ళ గుమ్మంలో నిలబడి కడిగి పారేసి వచ్చేదాన్ని. కలిపేవాళ్ళు ఉన్నారు, కాదనను. తమువాతా చేప కలుపుతారు, చచ్చిన చేప కలుపుతారు, తూకానికి కర్రపెండలం పిండి కూడా కలుపుతారు. అలెంకేర్ సంతలో మా అమ్మ పేరు చెబితే మూత తీయకుండా కొనేవాళ్ళు. ఆవిడ తర్వాత నా పేరు చెప్పినా అంతే. నువ్వొక్కదానివే భూతద్దం పెట్టి చూశావు.

ప్రాణంతో ఉన్న చేప తప్ప నేను నిప్పుల మీద పెట్టను. ఆ సంగతి నా పక్కన కూర్చుని పెంకులు ఒలిచినదానివి, నీకే తెలియాలి. మన సరస్సు చేపే అది. వేరే ఎక్కడిదవుతుంది?

ఎముక వస్తే తీసి పక్కన పెట్టి తినాలి. అంత చదువుకున్నావు, అది కూడా నేనే చెప్పాలా? చేతిరాత అంటావా, వయసు మీద పడుతోంది. నీకంటే ఏడాదే పెద్దనని నువ్వు నన్ను ఎప్పుడూ లెక్క చేయలేదులే.

ఉత్తరాలు ఎప్పటిలాగే అలెంకేర్‌లో బల్దోమీరో కొట్టుకి పంపు. పడవలో చేరతాయి.

ఒస్మరీనా


సావో పౌలో,
15 ఏప్రిల్ 1979

కోపాల ఒస్మరీనక్కా,

నీ ఉత్తరం చదివి నాలుక కరుచుకున్నాను. నీ పొడిని అనుమానిస్తానా నేను? అబ్బ, కలిపావా అంటే దొంగతనంగా కలిపావా అని కాదే! వలలో ఏదో వింత చేప కూడా పడి ఉంటుంది, చూసుకోకుండా అదీ కాల్చావేమో అని. ఆ వింత చేపే నాకు కావాలి.

నేను చేసే పనేమిటో నీకెప్పుడూ తిన్నగా చెప్పలేదు. చేపలు కోస్తుందిట, సీసాల్లో పెడుతుందిట అని ఊళ్ళో నవ్వుకుంటారు, నాకు తెలుసు. నేను చూసేది చుట్టరికాలు. చేపని ఒక మందులో నానబెడితే మాంసం గాజులాగా తేటపడిపోతుంది. తర్వాత రంగులు పట్టిస్తే గట్టి ఎముకలు ఎర్రగా, లేత ఎముకలు నీలంగా తేలతాయి. చేప చేపలాగే ఉంటుంది, దాని లోపల దాచుకున్నదంతా బయటికి కనిపిస్తుంది. అప్పుడు ఎవరికి ఎవరేమవుతారో తెలుస్తుంది.

మా పెద్దాయన డాక్టర్ ఫొర్తునాతో గారు పైపెంకు చూసి చుట్టరికం కలిపేస్తారు. పెంకున్నవన్నీ ఒక గూట్లో, లేనివన్నీ ఇంకో గూట్లో. నేను ఆయనతో పోట్లాడుతున్నాను. మన తమువాతా ఉంది చూడు, బొదోలాగే పెంకు తొడుక్కుని తిరుగుతుంది. కానీ అది దూరపు చుట్టం. ఎక్కడో పశ్చిమాన కొండల్లో ఒక జెల్ల ఉంది, ఒంటి మీద పెంకన్నదే లేదు, దిగంబరి. బొదోకి దగ్గరి బంధువు అదే! పెంకు పోయినా దవడలో, పుర్రెలో పాత గుర్తులు అలాగే ఉన్నాయి. ఈ వంశంలో అందరికీ ఒంటి మీద చిన్నచిన్న పళ్ళు మొలుస్తాయి, ఆ కొండ చేపకి కూడా రెక్కల మీద ఉన్నాయి. ఒకే నీళ్ళలో బతికినంత మాత్రాన, ఒకే బురద తిన్నంత మాత్రాన, ఒకే రకం పెంకు వేసుకున్నంత మాత్రాన చుట్టాలైపోరు. ఒక తల్లి కడుపులోంచి దిగి వచ్చిందా లేదా, అదే లెక్క. మిగతాదంతా వేషం.

నేనొక వంశవృక్షం గీస్తున్నాను అక్కా. అందులో ఒక కొమ్మ దగ్గర ఖాళీ ఉంది. నీ బుగ్గ ఎముక చేప ఆ ఖాళీలో కూర్చుంటే నా ఇన్నేళ్ళ పని నిలబడుతుంది. లేకపోతే పెద్దాయన మాటే చెల్లుతుంది. ఒక్క చేపని ముక్క చేయకుండా సీసాలో వేసి పంపవా?

ఇక్కడ నాతో మాట్లాడేది దోనా ఎర్సీలియా ఒక్కర్తే. అదీ స్నానానికి వేన్నీళ్ళు ఎక్కువ వాడానని చెప్పడానికి. అందుకే ఉత్తరం పొడుగైంది.

దల్జీరా


పియరంగా,
8 జూన్ 1979

దల్జీరాకి,

చేప పంపుతున్నాను. చెరుకు సారాలో ముంచి, మూతకి మైనం పెట్టాను, దారిలో పడవవాళ్ళు సారా తాగేసి నీకు ఒట్టి చేపని మిగల్చకుండా. అదే రకం అవునో కాదో నువ్వే చూసుకో. మన సరస్సుదే.

నీ చుట్టరికాల ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను. చదువు తక్కువదాన్ని కనక నాకు అర్థమైనంతలో చెబుతాను. నువ్వు బడిపంతులు గారి అమ్మాయివి, ఎక్కడి నుంచో పడవ దిగి వచ్చావు. నేను చేపలు కాల్చేదాని కూతుర్ని. మనిద్దరికీ తల్లి ఒకరు కాదు, తండ్రి ఒకరు కాదు. సావో జోవాన్ పండుగ నాడు చేతులు పట్టుకుని మంట మీంచి మూడుసార్లు దూకి, ఇవాళ్టి నుంచి నువ్వు నాకు చెల్లివి, నేను నీకు అక్కని అని ఊరందరి ముందూ అన్నాం. మన వైపు ఆ మాటకి తిరుగులేదు. మంట దాటినవాళ్ళు చచ్చేదాకా చుట్టాలే. మీ అమ్మ పోయినప్పుడు నీతో పాటు నేనూ నల్లబట్ట కట్టాను, ఎవరూ నీకేమవుతుందని అడగలేదు.

ఇప్పుడు ఒకే నీళ్ళలో బతికినవాళ్ళు చుట్టాలు కారు, ఒక తల్లి కడుపే లెక్క, మిగతాదంతా వేషం అంటున్నావు. మంచిది. మనం ఎగిరింది బొగ్గుల మీంచి, అంతేనన్నమాట.

పండుగ దగ్గరకొస్తోంది. ఈ ఏడు నేను మంట దగ్గరికి వెళ్ళను. మనసు లేదు.

ఒస్మరీనా


సావో పౌలో,
2 ఆగస్టు 1979

అక్కా,

చుట్టరికాల మాటకి నువ్వంత దూరం వెళతావనుకోలేదు. నేను చెప్పింది చేపల గురించి. చేపలు మంటలు దాటవు కదా! దానికి తర్వాత జవాబిస్తాను. ముందు చేప.

అదే చేప. అదే బుగ్గ. తేటపరిచి రంగు పట్టించాను. ఇప్పుడు నా బల్ల మీద ఎర్రగా, నీలంగా ఉంది. ఖాళీ కొమ్మ మీద కొలిచి చేసినట్టు కూర్చుంది. డాక్టర్ ఫొర్తునాతో గారు అరగంట చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "ఇది ఎక్కడిది?" అన్నారు. లోకంలో అందరూ అడిగే ప్రశ్న అదొక్కటే.

నేనేం చెప్పను? పియరంగా సరస్సు అని చెప్పమంటావా? రంగు పట్టించక ముందే దాని పేగు కోసి చూశాను. నాచుతో పాటు తెల్లరాతి నలుసులు ఉన్నాయి. పళ్ళ కొనలు అరిగిపోయాయి. పొట్టకింద కూడా పెంకు పరుచుకుని ఉంది. అది ఉరికే నీళ్ళలో రాతికి నోటితో అతుక్కుని, రాతినే గీకి తిని బతికే చేప. మన ఊళ్ళో రాయి ఎక్కడుందే? అడుగున బురద, దాని కింద ఇంకా బురద. కత్తి నూరుకోవడానికి అలెంకేర్ నుంచి రాయి తెచ్చుకునే ఊరు మనది. మా నాన్న కాగితాల మీద బరువు పెట్టుకున్న గులకరాయిని చూడ్డానికి పిల్లలంతా వరస కట్టేవాళ్ళు. ఉప్పగా ఉంటుందేమోనని నువ్వు దాన్ని నాకి చూశావు కూడా!

మరి ఎందుకు అబద్ధం చెబుతున్నావు? పొడి నువ్వు చేయడం మానేశావా? ఏటి ఎగువ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర కొని నీ పేరు మీద పంపుతున్నావా? అలాగైతే అలాగని చెప్పు, నేనేమీ అనుకోను. నాకు ఆ నీళ్ళ పేరు కావాలి. పుట్టిన చోటు తెలియని చేపకి మా లెక్కలో పేరు పెట్టకూడదు. చీటీ మీద ఊరు లేకపోతే అది ఏ వంశానిదైనా అనాథే. నా జన్మలో ఇలాంటిది ఇంకొకటి దొరకదు. దయచేసి నాతో ఆటలాడకు.

దల్జీరా


పియరంగా,
9 సెప్టెంబరు 1979

డాక్టర్ దల్జీరా గారికి,

నాకు తెలిసింది చెప్పాను. ఇంక అడగవద్దు. నా పొడి నేనే చేస్తాను, ఎవరి దగ్గరా కొనను. నమ్మితే నమ్మండి.

వచ్చే ఏడు డబ్బా పంపను. ఎవాల్దో బాగానే ఉన్నాడు.

ఒస్మరీనా


సావో పౌలో,
10 డిసెంబరు 1979

అక్కా,

'గారు' అన్నావు నన్ను. మంట దాటిన చెల్లెల్ని ఎవరైనా గారు అంటారా? ఆ ఉత్తరం తర్వాత నేను రాసిన వాటికి ఒక్కదానికీ జవాబు లేదు. ఎవాల్దో బావకి కూడా విడిగా రాశాను, నీ ఒంట్లో ఎలా ఉందని. ఆయనా పలకలేదు.

చేప సంగతి వదిలెయ్. నిజంగా చెబుతున్నాను. చీటీ లేకుండా బీరువాలో ఉంటుంది, ఉండనీ. డాక్టర్ ఫొర్తునాతో గారు తన గూళ్ళు తను కట్టుకుంటారు. మనుషులకి ఏదైనా అలవాటవుతుంది.

క్రిస్మస్‌కి ఇంట్లో అద్దెకున్నవాళ్ళంతా సొంత ఊళ్ళకి పోతున్నారు. దోనా ఎర్సీలియా కూడా కూతురింటికి వెళుతూ, "నువ్వు ఉంటావుగా, కుండీలకి నీళ్ళు పొయ్యి" అని చెప్పింది. నేను ఉంటానని అందరికీ తెలుసు. ఆదివారాలు కూడా మ్యూజియంకి వెళ్ళి సీసాల మధ్య కూర్చుంటున్నాను. అక్కడ ఎవరూ ఉండరు. ఇక్కడా ఎవరూ ఉండరు. తేడా ఏమిటంటే అక్కడ లైట్లు బాగుంటాయి.

డాక్టర్ అంటారు, సెన్యోరా అంటారు. ఒసేయ్ అని పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో లేరక్కా. ఏడాదికో డబ్బా, నాలుగు ఉత్తరాలు, వాటి మీదే బతికేస్తున్నాను అని నాకు ఇప్పుడే తెలిసింది. చాలా ఒంటరిగా ఉంది. తిట్టడానికైనా రెండు ముక్కలు రాయవే.

దల్జీరా


20 జనవరి 1980

ఒసేయ్ దల్జీరా,

ఎవాల్దోకి ఇంకెప్పుడూ రాయకు. వాడు బాగానే ఉన్నాడు. ఆ ఒక్కటీ నేను అబద్ధం చెప్పలేదు.

పైన ఊరు పేరు రాయలేదు చూశావా. రాయబోయి ఆగాను. కూర్చుని చదువు, నిలబడి చదివే అలవాటు నీకు.

కిందటేడాది కాదు, అంతకు ముందు ఏడాది ఎండల్లో పొడి వేయిస్తుంటే నా చెయ్యి పెనానికి ఆనింది. నాకు తెలియలేదు. కమురు వాసన వస్తే చేప మాడుతోందనుకుని చూశాను, నా చెయ్యి. తర్వాత చెంప మీద ఒక మచ్చ. ఆరోగ్య శాఖ పడవ వచ్చినప్పుడు డాక్టరు సూదితో గుచ్చి, "నొప్పిగా ఉందా?" అన్నాడు. "ఎక్కడ గుచ్చారు?" అన్నాను. ఆయన మొహం చూసి నాకు అర్థమైంది. కుష్ఠు.

మాత్రలు వేసుకుంటే ఎవరికీ అంటదని ఆయన అందరి ముందూ చెప్పాడు. ఎవరూ వినలేదు. అలెంకేర్ సంతలో నా డబ్బా ఎవరూ ముట్టలేదు. ఊళ్ళోవాళ్ళు నా పెనాన్ని సరస్సులో పడేశారు, మా అమ్మ పెనం అది. ఎవాల్దో తను పడుకునే ఉయ్యాల అన్నగారింటికి మార్చుకున్నాడు. ఒక రోజు నన్ను పడవ ఎక్కించి ఏటి ఎగువకి తెచ్చి, రేవులో దింపి, "నీళ్ళు తగ్గాక వస్తా" అన్నాడు. నీళ్ళు తగ్గాయి, మళ్ళీ పెరిగాయి.

ఇది సాంతా ఎడ్విజెస్ కాలనీ, ఈ రోగం ఉన్నవాళ్ళని పెట్టే చోటు. పెద్రా లీజా వాగు పక్కన. ఇక్కడ అన్నీ రాళ్ళేనే. వచ్చిన కొత్తలో పొద్దస్తమానం వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. నీళ్ళు రాళ్ళ మీంచి దూకుతాయి, రాళ్ళకి ఆ చేపలు అంటుకుని ఉంటాయి. బొదోలు ఇటు రావు. కాలనీ వంటింట్లో పెనం ఉంది. తెడ్డు పట్టుకోవడానికి వేళ్ళు ముడవవు, మణికట్టుకి గుడ్డతో కట్టుకుంటాను. ఆ ఏడు డబ్బా రాకపోతే నువ్వు అడుగుతావు. అందుకని వాగు చేపతోనే చేశాను. ఇక్కడ మందులిచ్చే సిస్టర్‌ని అడిగాను, తినేవాళ్ళకి ఏమన్నా అవుతుందా అని. నిప్పు మీద కాలిందానికి ఏమీ కాదమ్మా అంది. అయినా పంపాక వారం రోజులు నిద్ర పట్టలేదు.

ఎముక అన్నావు. మా అమ్మ నాకు ఎముకలు ఏరడం కళ్ళు మూయించి నేర్పింది. చూస్తే కనపడవు, వేళ్ళకే తగులుతాయి. ఇప్పుడు నా వేళ్ళకి ముల్లూ తెలియదు, నిప్పూ తెలియదు. కళ్ళతో ఏరాను. ఒకటి మిగిలిపోయింది. దాని మీద నువ్వు 'ముసలిదానివైపోతున్నావు' అని రాశావు. ఆ ఉత్తరం పట్టుకుని వాగు దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎక్కడి నీళ్ళలోది అని నువ్వు అడిగినప్పుడల్లా, నువ్వు ఎక్కడున్నావని అడిగినట్టే ఉండేది. చేప ఇల్లు చెబితే నా ఇల్లు చెప్పినట్టే కదా.

మంట దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే మాకు కాళ్ళకి కూడా తెలియదు కనక సిస్టర్ వెళ్ళనివ్వదు. కోపంతో అలా రాశాను.

ఈ ఊరి పేరు నీ చీటీ మీద రాయకు. డబ్బాలో ఏమన్నా మిగిలి ఉంటే తగలబెట్టెయ్. చేతులు కడుక్కో.

నీ అక్క
ఒస్మరీనా


సావో పౌలో,
17 ఫిబ్రవరి 1980

నా ఒస్మరీనక్కా,

డబ్బా తగలబెట్టమన్నావు. ఆలస్యం చేశావు. క్రిస్మస్ నాడే ఖాళీ అయిపోయింది. మూలల్లో మిగిలింది వేలితో ఊడ్చి, ఆ వేలు నాకాను. ఇప్పుడు ఖాళీ డబ్బాలో పెన్సిళ్ళు పెట్టుకున్నాను, మ్యూజియంలో నా బల్లంతా నీ పొగ వాసనే. కాల్చిన పొడిలో ఏ క్రిమీ బతకదని చేపల డాక్టర్నైనా నాకు తెలుసు. తెలియకపోయినా తినేదాన్ని.

నీ ఉత్తరం చదివాక నా ఉత్తరాలన్నీ గుర్తు చేసుకున్నాను. కోడి కెలికిన రాత, ముసలిదానివి, ఎందుకు అబద్ధం... నీ ముందుంటే చెంపలు వేసుకునేదాన్ని. ఆ బుగ్గ ఎముకని నేను ఎంత మురిసిపోతూ చూశాను! నీ వేళ్ళకి తెలియకపోబట్టే అది నాకు దొరికిందని ఇప్పుడు దాన్ని చూడలేకపోతున్నాను. పెట్టెలో పెట్టి మూత వేశాను.

ఒక తల్లి కడుపే లెక్క అని పెద్ద పాఠం చెప్పాను కదా నీకు. అది చేపల విషయంలో నిజమే, దాని మీద నేను ఇప్పుడూ పోట్లాడతాను. నీకూ నాకూ దాంతో పని లేదు. ఎవాల్దో తల్లీ మీ అమ్మా అక్కచెల్లెళ్ళ పిల్లలు. అంత దగ్గరి రక్తం నిన్ను రేవులో దింపి వెళ్ళిపోయింది.

చీటీ మీద ఊరి పేరు రాయను, మాట ఇస్తున్నాను. ఆ కొమ్మ ఖాళీగానే ఉండనీ. జులైలో సెలవు అడిగాను. అలెంకేర్ దాకా పెద్ద పడవ, అక్కణ్ణుంచి ఎవరు తీసుకొస్తే వాళ్ళు. చేప కోసం కాదు.

నీ చెల్లి
దల్జీరా


2 ఏప్రిల్ 1980

దల్జీరా,

రా. మంచి చెప్పులు తెచ్చుకో, ఇక్కడి రాళ్ళు పదును. పెనం ముందు తెడ్డు నువ్వు పట్టాలి. ఎముకలు ఏరడానికి నీ వేళ్ళు కావాలి. నేను పక్కన కూర్చుని తప్పులు పడతాను, అది చేతులు లేకపోయినా చేయొచ్చు.

ఇంకో సంగతి. చీటీ ఖాళీగా ఉంచుతానని రాశావు. మొదట నాకు హాయిగా అనిపించింది. తర్వాత నా పక్క గదిలో ఉండే దియొలిందాతో చెప్పాను. ఆవిడ ఇక్కడికి వచ్చి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. విని ఒకటే నవ్వు. "చేపకి కూడా మన రోగం అంటించావటే? అది కూడా ఇల్లు దాచుకోవాలా?" అంది.

ఇక్కడ అందరం అంతేనే. ఉత్తరం పైన పాత ఊరి పేరే రాస్తాం. జవాబులు ఎవరి కొట్టుకో, ఎవరి పేరుకో వస్తాయి, వచ్చేవాళ్ళకి. ఈ కాలనీ పేరు రాసిన కవరు ఒక్కటి కూడా ఈ రేవుకి రావడం నేను చూడలేదు. మేమంతా ఉన్నాం, మేమున్న చోటే ఎక్కడా లేదు.

ఆ చేప ఏం తప్పు చేసిందని? అది ఇక్కడే పుట్టింది, ఈ రాళ్ళే తింది. దాని చీటీ మీద ఉన్న ఊరు ఉన్నట్టు రాసెయ్. పెద్ద అక్షరాలతో రాయి, నాలాగా కోడి కెలికినట్టు కాదు. మీ పెద్దాయన్ని చదవనీ.

కానీ అంతకు ముందు ఒక పని చెయ్యి. నాకు రాసే కవరు మీద రాయి. బల్దోమీరో కొట్టు వద్దు. ముందు నా పేరు పక్కన, తర్వాత చేప పేరు పక్కన. పెద్దదాన్ని, నాదే ముందు.

నీ అక్క


సావో పౌలో,
5 మే 1980

దోనా ఒస్మరీనా,
సాంతా ఎడ్విజెస్ కాలనీ,
పెద్రా లీజా వాగు,
అలెంకేర్, పారా.

అక్కా,

కవరు మీద రాసిందే లోపల కూడా రాశాను, దారిలో కవరు చిరిగిపోయినా నీ ఊరు పోకూడదని.

సెలవు దొరికింది. చెప్పులు కొన్నాను. దోనా ఎర్సీలియాతో, కుండీలకి నీళ్ళు మీరే పోసుకోవాలి ఈసారి అని చెప్పాను. ఎప్పుడూ లేనిది ఈవిడకి ఊరెక్కడిదని ఆవిడ ఇంకా ఆశ్చర్యపోతూనే ఉంది.

చేప చీటీ నల్ల సిరాతో రాసి సిద్ధంగా పెట్టాను. నువ్వు చెప్పిన వరస ప్రకారం ఈ ఉత్తరం పోస్టు చేసి వెళ్ళి సీసాలో వేస్తాను.

పోస్టాఫీసుకి మధ్యాహ్నమే వచ్చాను. ఈ చివరి ముక్కలు ఇక్కడి బల్ల మీదే రాస్తున్నాను. కిటికీ దగ్గర గుమాస్తా కవరు చూసి, ఆ ఊరి పేరు చదివి, వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అతనికి ఆ పేరు ఎలా తెలుసో మరి. "మీకు అక్కడ ఎవరున్నారు?" అన్నాడు. "మా అక్క" అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టే అన్నాను. అతను నన్నొకసారి కిందకీ పైకీ చూసి, గొంతు తగ్గించి, "సొంత అక్కా?" అని అడిగాడు.

ఎవరికి ఎవరేమవుతారో ఎముకలు చూసి చెప్పడమే కదక్కా నా ఉద్యోగం. జన్మంతా అదొక్కటే చేశాను. ఒక్క మాట చెప్పడానికి ఏళ్ళ తరబడి సీసాల ముందు కూర్చునేదాన్ని, ఇవాళ క్షణం కూడా ఆలోచించలేదు.

"సొంత అక్కే" అన్నాను. "ఇటివ్వండి, ఒక్క ముక్క రాసి ఇస్తాను" అని కవరు వెనక్కి తీసుకుని ఇదిగో ఇది రాస్తున్నాను. అతను ముద్ర చేత్తో పట్టుకుని నా కోసం ఆగి ఉన్నాడు.

దల్జీరా